పాలగెడ్డలో ఎవరి పాలెంత

పని మొదలైన తొలిరోజునే కొండనీటి పరిశోధన కేంద్రానికి సీసాలో గడ్డం వచ్చింది.

గడ్డమంటే గడ్డమే. తెల్లగా, పిడికెడు, కత్తెరతో శుభ్రంగా కత్తిరించింది. సీసా మీద తేదీ, వేళ, తీసుకున్న చోటు పద్ధతిగా రాసి ఉన్నాయి. డాక్టర్ కూర్మారావు సీసాను వెలుతురుకు ఎత్తిపట్టి రెండుసార్లు తిప్పి చూసి, వాచ్‌మన్ అప్పన్నను కేకేశాడు.

"ఏమిటయ్యా ఇది?"

"గెడ్డం నమూనా సార్."

"ఎవరు తెమ్మన్నారు?"

"డైరెక్టరుగారే సార్. నిన్న ఫోన్లో సెప్పినారు గదా, పొద్దున్నే గెడ్డం నమూనా తెచ్చి కూర్మారావుగారి సేతికియ్యమని. ఊళ్ళో గెడ్డమున్నోడు దిసారి తాతొక్కడే. ముందు ఒప్పుకోనేదు. గవర్నమెంటుకి అవసరం పడిందని బతిమాలి తెచ్చీసాను."

ఆ కొండల్లో వాగును గెడ్డ అంటారు. గడ్డాన్ని గెడ్డం అంటారు. డైరెక్టరుగారు అడిగింది గెడ్డ నమూనా. ఫోను సిగ్నలు పలచబడి ఆ రెండు మాటల నడుమ ఎక్కణ్ణుంచో ఒక సున్నా వచ్చి కూర్చుంది. సున్నాను కనిపెట్టింది మనవాళ్ళేనని గొప్పలు చెప్పుకోవడమే గాని, పెట్టకూడని చోట పెడితే దాని విలువెంతో కూర్మారావుకు ఆ పూటే తెలిసింది.

సాయంత్రానికి జీలుగుపుట్టు ఊరంతా గుప్పుమంది. సర్కారు గడ్డాలు సేకరిస్తోందట. రేపు మీసాలట. ఎల్లుండి జుట్టట. మర్నాటికి ఊళ్ళో కుర్రకారు మొహాలు కడిగిన పళ్ళాల్లా నున్నగా తయారయ్యాయి. ముహూర్తాలు లెక్కకట్టే పెద్దమనిషి దిసారి తాత మాత్రం మిగిలిన సగం గడ్డాన్ని నిమురుకుంటూ, ఏనాటికైనా మళ్ళీ అడుగుతారేమోనని దాన్ని పెంచడానికి నిశ్చయించుకున్నాడు. ఆయనకు అసలు సంగతి చెప్పే ధైర్యం అప్పన్నకు చాలలేదు. కూర్మారావుకు తీరిక చాలలేదు.

తీరిక చాలకపోయినా సరదా చాలింది. ఆ గడ్డాన్ని ఆమ్లంలో కరిగించి తన ఊసులపెట్టెలో పోశాడు. తెర మీద కొండ బొమ్మ వచ్చింది. అందులో ఒక మెట్ట వెలిగింది. చూస్తే అది వంతల గాసి అనే రైతుది. దిసారి తాత పొలం కొండకు అవతలి పక్కనుంది.

"కొత్తకదా, తడబడుతోంది" అనుకుని కూర్మారావు నోటుపుస్తకంలో "గడ్డం — గాసి మెట్ట — ?" అని రాసి పేజీ తిప్పేశాడు. ఆ ప్రశ్నార్థకం మూడేళ్ళు అక్కడే కొక్కెంలా వేలాడింది.

*

ఊసులపెట్టె కూర్మారావు పదకొండేళ్ళ కష్టం. చూడ్డానికి కుట్టుమిషను పెట్టెలా ఉంటుంది. లోపల గాజుపలకల మీద ప్రయోగశాలలో పెంచిన నాచు. జీలుగుపుట్టు చుట్టూ కొండ మీదున్న రెండువందల పదమూడు నేలచెక్కల నుంచి, అడవి, కాఫీతోట, పోడు మెట్ట, పశువుల సాల, ఆఖరికి శ్మశానం నుంచి కూడా, చారెడేసి మట్టి ముందే తెప్పించి మూణ్ణెల్ల పాటు ఆ నాచుకు రుచి చూపించాడు. ఏ నేలలోంచి వచ్చిన నత్రజనికైనా భాస్వరానికైనా ఆ నేల ముద్ర అంటుకునే ఉంటుంది. నాచు ఆ ముద్రను గుర్తుపడుతుంది. సీసాడు నీళ్ళు పోస్తే, పది నిమిషాల్లో ఆ నీళ్ళలోని సత్తువలో ఏ చెక్క నుంచి వచ్చింది ఎన్ని పాళ్ళో కొండ బొమ్మ మీద దీపాలు వెలిగించి చూపిస్తుంది.

ఆ పెట్టెను ఈ కొండకు ఎందుకు తెచ్చాడంటే, కొండ కింద ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న రిజర్వాయరు నాలుగేళ్ళుగా ఆకుపచ్చ చీర కట్టుకుని విప్పడం లేదు. నీళ్ళలో సత్తువ ఎక్కువైతే నాచు బలుస్తుంది, చేపలు వెల్లకిలా పడతాయి. చేపలకు నచ్చని నాచు పట్నవాసులకూ నచ్చలేదు. పైనుంచి దిగే పాలగెడ్డలోనే ఏదో కలుస్తోందన్నారు. కలుపుతున్నది ఎవరో కనుక్కోమన్నారు. పేరు పాలగెడ్డే అయినా అందులో ఎవరి పాలెంతో చెప్పగలిగిన మొదటి మనిషి కూర్మారావు.

పేరులో కూర్మం, నడకలోనూ కూర్మమే. మోకాళ్ళు అరిగిపోయాయి. రోజూ కొండెక్కి ఊట దగ్గర నీళ్ళు పట్టడం ఆయన వల్ల కాదు. అందుకని ఊరి నుంచి కిల్లో సోంబారి అనే ఆవిణ్ణి పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. మాట తక్కువ, పని ఎక్కువ. ఆమెకు పన్నెండు నియమాలు నేర్పాడు. సీసాను గెడ్డనీటితో మూడుసార్లు కడగాలి. మూతి లోపల వేలు తగలకూడదు. నీళ్ళు నింపాక గాలిబుడగ మిగలకూడదు. సోంబారి పన్నెండూ వేళ్ళ మీద అప్పజెప్పింది, పన్నెండూ తు.చ. తప్పకుండా చేసింది. శుక్రవారం మాత్రం ఆమె సంతకు పోతుంది. ఆ రోజు సీసా అప్పన్నది.

అప్పన్న తెచ్చిన సీసా పోస్తే పెట్టె వింతగా ప్రవర్తించేది. మిగతా ఆరు రోజులూ ఒక మెట్ట వెలిగితే, శుక్రవారం కేంద్రం వెనక మొదలై మెట్లుమెట్లుగా కొండ మీదికి ఎక్కే మొక్కల నర్సరీ వెలిగేది. కూర్మారావుకు విషయం ఇట్టే అర్థమైపోయింది. అప్పన్న కొండెక్కడానికి బద్ధకించి, నర్సరీ పక్క కాలవలో సీసా ముంచి తెస్తున్నాడు!

"నాను గెడ్డ కాడికే ఎల్లాను సార్. ఒట్టు."

"గెడ్డ దగ్గరికెళ్ళావో, గెడ్డం దగ్గరికెళ్ళావో ఎవడికి తెలుసు?"

అప్పన్న మొహం ముడుచుకుంది. ఆ తరువాత వాదించలేదు. కూర్మారావు శుక్రవారం లెక్కలన్నిటినీ ఎర్రసిరాతో కొట్టేశాడు. ఒక్కసారి సున్నా తప్పు పెట్టినవాడికి జీవితాంతం సున్నా మార్కులే.

మొదటి ఏడాది చివర పెట్టె తీర్పు చెప్పింది. వందపాళ్ళలో నలభై ఆరు వంతల గాసి మెట్ట నుంచి వస్తున్నాయి. అందులోనూ వేసవిలో, గెడ్డ వేలి లావున పారే రోజుల్లో, ఆ వాటా ఇంకా పెరుగుతోంది. వానాకాలంలో తగ్గుతోంది. మెట్ట అడుగున ఇంకిన సత్తువ నెమ్మదిగా ఊటలోకి దిగుతోందని కూర్మారావు పదహారు పేజీల వ్యాసం రాశాడు. డైరెక్టరు శఠగోపాచారి ఆ వ్యాసాన్ని పైకి పంపాడు. గుళ్ళో శఠగోపం నెత్తిన పెట్టి తీసేస్తారు. ఈయన పెడితే తియ్యడు. నెల తిరక్కుండా గాసి మెట్ట మూసేయాలని ఉత్తర్వు వచ్చింది. కందకాలు తవ్వారు, మొక్కలు నాటారు. బదులుగా కింద రాళ్ళ దిబ్బ ఒకటి చూపించారు. ఆ దిబ్బలో గునపం దిగితే గొప్ప. గాసి పెళ్ళాంబిడ్డలతో విశాఖ వెళ్ళిపోయి, చేపల రేవులో ఐసు దిమ్మలు మోసే పనిలో కుదిరాడు.

గాసి సోంబారికి సొంత అన్న.

మూసేసిన ఏడాదికి ఆ మెట్ట మీది దీపం నిజంగానే ఆరిపోయింది. సున్నా పాళ్ళు! శఠగోపాచారికి సన్మానం జరిగింది. శాలువా ఆయన కప్పుకుని, అందులో ఒక కొసను కూర్మారావుకు కూడా కప్పాడు. ఆ రోజు కూడా సోంబారి పొద్దున్నే సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. "మా అన్న మెట్ట ఇంక దొంగ కాదా బాబూ?" అని మాత్రం అడిగింది. కూర్మారావు కాదన్నాడు. ఆమె తలూపి వెళ్ళిపోయింది.

*

మూడో ఏడు దీపం కొత్తచోట వెలిగింది. కూర్మారావు మొదట నమ్మలేదు. పలకలు మార్చాడు, నాచు మార్చాడు, చివరికి కళ్ళజోడు మార్చాడు. దీపం మారలేదు. నలభై నాలుగు పాళ్ళు. చెక్క నెంబరు నూటయాభై రెండు. పేరు కిల్లో జగ్గు, అంటే సోంబారి భర్త. ఎకరంన్నర పోడు మెట్ట. వాళ్ళకున్నది అదే.

ఆ మాట సోంబారికి తనే చెప్పాలనుకుని రెండు రోజులు వాయిదా వేశాడు. మూడో రోజు ఆమె సీసా పెట్టి వెళ్ళబోతుంటే ఆపాడు.

"సోంబారీ, సీసాలో నువ్వేమైనా వేస్తున్నావా?"

"సీసాలోనా? నేదు బాబూ. మూడుసార్లు కడిగి పడతన్నాను."

"మీ మెట్టకు ఎరువేమైనా వేశారా?"

"ఎరువా? మా ఆయన కాలిరిగి మంచాన పడ్డ ఏడు అసలు ఇత్తనమే ఎయ్యనేదు. మా అన్నే రెండు గంపల సోళ్ళ గింజలిచ్చి మమ్మల్ని సాకినాడు. తరవాత పండిందే తింటన్నాం. ఎరువు కొనీ పాటి మడుసులమా?"

కూర్మారావు తెర వైపు చూపించాడు. ఆమె దగ్గరికొచ్చి చూసింది. తన మెట్టను బొమ్మలో గుర్తుపట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. దానికి ఆనుకుని ఉన్న చింతచెట్టు వంపు కూడా అందులో ఉంది.

"పుట్టింటి మెట్ట పోయింది. ఇప్పుడు మెట్టినింటి మెట్టా?" అంది. గొంతు పెంచలేదు. "రోజూ నీళ్ళు నానే తెస్తన్నాను గదా బాబూ. అంటే నా మీద సాచ్చికం నానే మోసుకొస్తన్నానన్నమాట."

"కావాలంటే రేపట్నుంచి మానెయ్యి."

"మానితే దొంగలాగ మానీసినానంతారు" అని ఖాళీ సీసా తీసుకుని వెళ్ళిపోయింది.

శఠగోపాచారి ఫోనులోనే తేదీ చెప్పేశాడు. వచ్చే శుక్రవారం ఊళ్ళో మీటింగు. జగ్గు చేత అంగీకారం మీద సంతకం.

"శుక్రవారం సంత ఉంటుందండి."

"మంచిదేగా! సంతకొచ్చినవాళ్ళంతా సంతకానికి సాక్షులు" అన్నాడాయన తన మాటకు తనే మురిసిపోతూ.

మాటల మీద మాటలు వెయ్యడంలో కూర్మారావు ఎవరికీ తీసిపోడు. సంత, సంతకం, సంతాపం అని నోటిదాకా వచ్చింది. ఆ పూట ఎందుకో మింగేశాడు.

*

కేంద్రం ఆవరణలోనే క్వార్టర్సు. కూర్మారావు భార్య మంగతాయారు ఆ మధ్యాహ్నం అన్నం వార్చి, వడ్డించబోతూ, నాలుగు మెతుకులు తీసి పొయ్యి మంటలో వేసింది. చిటపటమన్నాయి. కూర్మారావు కంచం ముందు కూర్చుని ఆ శబ్దానికి తలెత్తాడు.

"అదేమిటి?"

"ఏది?"

"ఇప్పుడు మంటలో వేశావే."

"మెతుకులు. అగ్నిహోత్రుడికి."

"ఎప్పట్నుంచి?"

మంగతాయారు గరిటె ఆపి ఆయన్ను ఎగాదిగా చూసింది. "మన పెళ్ళైన దగ్గర్నుంచి. ఇరవై నాలుగేళ్ళు. మీ అమ్మగారే నేర్పారు. రోజూ రెండుపూటలా వేస్తున్నాను. మీరు రోజూ రెండుపూటలా ఇక్కడే కూర్చుంటున్నారు. కొండ మీద చీమ కాళ్ళు కడుక్కుంటే చెప్పే పెట్టె చేశారుగాని, వంటింట్లో పెళ్ళాం ఏం చేస్తుందో కనబడలేదా?"

"మరి నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"మీరెప్పుడూ అడగలేదే? వంట ఎలా చేస్తావని అడిగితే వంట చెప్తాను. ఇది వంటలో భాగం కాదుగా. వంటకు ముందుది."

కూర్మారావుకు ముద్ద చేతిలోనే ఆగిపోయింది. పన్నెండు నియమాలు నేర్పాడు. సీసా ఎలా కడగాలో, ఎలా ముంచాలో, ఎలా మూతపెట్టాలో. సీసా ముంచడానికి ముందు ఏం చేస్తావని మాత్రం ఆమెను ఏ రోజూ అడగలేదు.

"పులుసు చల్లారిపోతోంది" అంది మంగతాయారు.

"రేపు పొద్దున్నే నేను కొండెక్కుతున్నాను."

"మోకాళ్ళకు చెప్పారా?"

*

మోకాళ్ళకు చెప్పలేదు. దారి పొడవునా అవే ఆయనకు చెప్పాయి. సోంబారి ముందు నడుస్తూ, మలుపు మలుపు దగ్గరా ఆగి, "రండి బాబూ, ఇంక దగ్గరే" అంటూ వచ్చింది. ఆ దగ్గర గంటన్నర.

పైకి వెళ్ళేకొద్దీ కొండ తన పాఠం తనే చెప్పుకుంటూ వచ్చింది. అడవి ఉన్నచోట అడుగు మెత్తగా దిగుతోంది. నిరుటి వాన ఇంకా ఆ ఆకుల అడుగునే దాక్కుని చెమ్మగా ఉంది. పోడు నరికిన చోట నేల గట్టిపడి, మొన్నటి జల్లు ఎర్రటి చారలు గీసి పోయింది. గాసి మెట్ట మీద కందకాల పక్కన నాటిన మొక్కలు మోకాలెత్తు పెరిగాయి. సోంబారి ఆ పక్కకు చూడకుండా దాటింది.

ఊట ఒక బండ కింద ఉంది. దాని ముందు వెడల్పాటి గుంట, గుంట అంచున కేంద్రంవాళ్ళు కట్టిన చిన్న సిమెంటు గట్టు. వేసవి కావడంతో నీళ్ళు గుంటలోకి వేలి లావున జారుతున్నాయి. సోంబారి చెప్పులు విప్పింది. భుజానున్న ఆనపబుర్ర దించి, బిరడా తీసి, దోసెడు చోడి అంబలి, అదే రాగిజావ, ఒంపుకుని గుంటలో వదిలింది. తెల్లటి మబ్బులా అది నీళ్ళలో విచ్చుకుంది. ఏదో తన భాషలో రెండు మాటలు అనుకుంది. ఆ తరువాత సీసా తీసి, గుంటనీటితో మూడుసార్లు కడిగి, మూతి తగలకుండా ముంచి, బుడగ లేకుండా మూత బిగించింది. పన్నెండు నియమాలు. ఒక్కటీ తప్పలేదు.

కూర్మారావు బండ మీద కూలబడ్డాడు.

"సోంబారీ, ఆ అంబలి రోజూ పోస్తావా?"

"పొయ్యకుండా నీళ్ళెలాగ తీసుకుంతాం బాబూ? ఉత్త సేతుల్తో ఎల్లి అడిగితే గెడ్డ ఏటనుకుంతది?"

"నాతో ఎప్పుడూ అనలేదే."

"సీసాలో ఏటైనా ఏసినావా అనడిగినారు. సీసాలో ఎయ్యనేదు."

"అప్పన్న పోస్తాడా?"

సోంబారి నవ్వింది. "ఆయన కొండ కిందోడు బాబూ. ఆయనకేటి తెలుసు? బూట్లతో వచ్చి ముంచుకుని ఎల్లిపోతాడు. మా వోళ్ళు అదే తిట్టుకుంతారు."

అంబలి. చోళ్ళు. ఆ చోళ్ళు పండిన నేల. నాచుకు రుచితో పని లేదు, ఊరుపేరుతోనే పని. అది ప్రతి పూటా నిజమే చెప్పింది. ఈ సత్తువ నూటయాభై రెండో చెక్కది అంది. నీళ్ళతో పాటు జారి వచ్చిందో, దోసిట్లో కూర్చుని వచ్చిందో దానికి అడగడం తెలీదు. వేసవిలో వాటా పెరిగింది మెట్ట అడుగున ఏదో ఇంకి కాదు. గుంటలో నీళ్ళు తగ్గి, దోసిలి మాత్రం తగ్గకపోవడం వల్ల. పదహారు పేజీల వ్యాసానికి దోసెడు అంబలి సమాధానం.

"మొదటి ఏడాది..." అని ఆగాడు కూర్మారావు. మొదటి ఏడాది సోంబారి ఇంట్లో ఉన్నవి ఎవరి చోళ్ళో ఆమే చెప్పింది. రెండు గంపలు.

సోంబారి చేతిలోని సీసా అందుకుని దిగడం మొదలుపెట్టాడు.

*

కిందికి దిగగానే మూడేళ్ళ పుస్తకాలు తెరిచి, ఎర్రసిరా కొట్టేసిన శుక్రవారాలను కొట్టేయనట్టు చదివాడు. నూటయాభై ఆరు శుక్రవారాలు. ఒక్కదానిలోనూ గాసి లేడు, సోంబారి లేదు. అడవి కొంచెం, కాఫీతోట కొంచెం, పశువులసాల ఇంకొంచెం. కేంద్రం వెనక నర్సరీ నలభై ఒక్క పాళ్ళు. ఎనిమిదేళ్ళుగా ఉన్న ఆ నర్సరీ పై మళ్ళు ఊట బండకు ఎగువనే ఉన్నాయి. మెట్టలు మూసి నాటడానికి మొక్కలు పెరిగేది అందులోనే. యూరియా బస్తాలు విప్పి మళ్ళ మీద చల్లేది అక్కడే. ఆ మళ్ళ అడుగు నుంచి ఊట నరం ఒకటి ఆ బండ కిందికి పోతోందని పాత పటంలో సన్నగా గీసి ఉంది కూడా.

కూర్మారావు బయటికొచ్చాడు. అప్పన్న గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"అప్పన్నా, శుక్రవారాలు నువ్వు గెడ్డ దగ్గరికే వెళ్ళావు."

"మూడేళ్ళ నుంచీ అదే సెప్తన్నాను సార్."

"ఈ కేంద్రంలో సరైన నీళ్ళు తెచ్చింది నువ్వొక్కడివే."

అప్పన్న లేచి నిలబడ్డాడు. వినబడింది సరిగ్గా వినబడిందో లేదో అన్నట్టు ఒక చెవి ముందుకు పెట్టాడు. "మళ్ళీ ఒకపాలి సెప్పండి సార్. నాకు ఇనికిడి మీద నాకే నమ్మకం నేదు."

కూర్మారావు మళ్ళీ చెప్పాడు. ఆ తరువాత డైరెక్టరుకు ఫోను చేశాడు. శఠగోపాచారి అంతా విని, "సంతకం అయ్యాక చూద్దాం కూర్మారావు. పత్రికలవాళ్ళను పిలిచేశాను" అన్నాడు. పదకొండేళ్ళ పెట్టె, పదహారు పేజీల వ్యాసం, శాలువా కొస, అన్నీ ఆయన చెప్పింది వింటే భద్రంగా ఉంటాయి. ఎకరంన్నర మాత్రం ఉండదు. సంతకమయ్యాక చూసేదేమిటో కూర్మారావుకు తెలుసు. గాసిది అలాగే చూశారు.

*

శుక్రవారం సంతకు వచ్చినవాళ్ళంతా బడి ఆవరణలో షామియానా కింద పోగయ్యారు. బల్ల మీద కాగితం, కాగితం మీద కలం. జగ్గు చేతికర్ర ఆనించుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. సోంబారి వెనక నిలబడింది. శఠగోపాచారి మాట్లాడటానికి గొంతు సవరించుకునేలోపే కూర్మారావు లేచి, గోడకు కట్టిన తెల్లగుడ్డ మీద కొండ బొమ్మ పడేలా పెట్టెను తిప్పాడు.

"ఇది ఈ పొద్దున్నే అప్పన్న తెచ్చిన సీసా" అని నీళ్ళు పోశాడు. పది నిమిషాలు ఊరంతా గుడ్డ వైపే చూసింది. నర్సరీ వెలిగింది.

"అది మీ తోట గదేటి?" అన్నారెవరో.

"మా తోటే. ఇప్పుడు అదే సీసాలో మిగిలిన నీళ్ళు. సోంబారీ, నీ బుర్రలోంచి ఒక్క చెంచాడు అంబలి ఇయ్యి."

ఆమె ఇచ్చింది. ఇంకో పది నిమిషాలు. నర్సరీ మసకబారింది. చింతచెట్టు వంపు పక్కన, నూటయాభై రెండో చెక్క భగ్గున వెలిగింది.

కూర్మారావు ఉన్నదున్నట్టు చెప్పాడు. గెడ్డకు పెట్టే అంబలి సంగతి, అది పండిన నేల సంగతి, శుక్రవారాలు కొట్టేసిన సంగతి. "ఎరువు మాది. పరువు మీది తీశాం" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయనా నవ్వించడానికి అనలేదు.

సోంబారి ముందుకొచ్చింది. "ఆ ఏడు మేం తిన్నది మా అన్న సోళ్ళు. అయ్యే నాను గెడ్డకి పెట్టినాను. అంటే మా అన్న మెట్ట మీద దీపం పెట్టింది నా సెయ్యేనా బాబూ?"

ఈ ప్రశ్న వస్తుందని కూర్మారావుకు రెండు రోజులుగా తెలుసు. జవాబు రెండు రోజులుగా వెతుక్కున్నాడు. "నీది గెడ్డకు పెట్టిన చెయ్యి సోంబారీ. చూపించిన వేలు నాది. పన్నెండు సంగతులు నేర్పాను, ఒక్క సంగతి అడగలేదు. ఆ తప్పు నీ దోసిట్లో లేదు."

ఆమె ఒప్పుకున్నట్టూ లేదు, ఒప్పుకోనట్టూ లేదు. కొంగుతో మొహం ఒత్తుకుని, "రేపటి నుంచి పెట్టొద్దంతారా?" అని అడిగింది.

"నువ్వు గుంటలో పెట్టు. నేను ఆ పైన బండ దగ్గరికి పాకి, అక్కడ సీసా పడతాను."

"మీ మోకాళ్ళు?"

"వాటికీ మూడేళ్ళ బాకీ ఉంది."

శఠగోపాచారి కలానికి మూత పెట్టాడు. ఆ చిన్న శబ్దం షామియానా అంతటా వినబడింది. "మూడేళ్ళ రిపోర్టు?" అన్నాడు మెల్లగా.

"చెల్లదు సార్. నేనే రాసిస్తాను."

"నీ పెట్టె?"

"దానికి అబద్ధం రాదు. నాకే అడగడం రాలేదు. అయినా వెనక్కి పట్టుకుపోతారు, తెలుసు."

శఠగోపాచారి బల్ల మీది కాగితం చేతిలోకి తీసుకున్నాడు. నర్సరీ రేపే ఎత్తిస్తానన్నాడు. జగ్గు సంతకం పెట్టాల్సిన ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. గాసి మెట్ట గాసికి తిరిగి ఇవ్వాలని తన పేరుతో రాస్తానన్నాడు. రాసిన కాగితం పైకి వెళ్ళి కిందికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో మాత్రం చెప్పలేనన్నాడు. ఆయన నెత్తిన పెట్టింది తియ్యడం కూర్మారావు చూడటం అదే మొదలు.

అప్పుడు దిసారి తాత లేచాడు. గడ్డం బొడ్డుదాకా ఉంది.

"అంతా బాగానే ఉంది బాబూ. మరి మొదట్లో నా గెడ్డం పట్టుకెల్లినారు. అదేటి సెప్పింది? మూడేళ్ళై ఎవులూ నాకు సెప్పనేదు."

కూర్మారావు నోటుపుస్తకం తెరిచి ఆ పేజీ వెతికాడు. గడ్డం, గాసి మెట్ట, ప్రశ్నార్థకం.

"తాతా, ఆ ఏడు నువ్వు ఎవరి చోళ్ళు తిన్నావు?"

ముసలాయన గుర్తు తెచ్చుకోవడానికి కళ్ళు మూసుకున్నాడు. "ఆ ఏడు వానలు మద్దెలో ఎగ్గొట్టీసినాయి. పండింది గాసి మెట్ట ఒక్కటే. నాకొక గంప ఇచ్చినాడు. సోంబారికి రెండు. ఆ వరసలో అందరికీ తలా కొంత. ఊళ్ళో సగం పొయ్యిల మీద గాసి అంబలే ఉడికింది."

షామియానా కింద ఒక్కొక్కళ్ళే తలలు దించుకున్నారు. కూర్మారావు కలం తీసి ప్రశ్నార్థకాన్ని కొట్టేశాడు. "పెట్టె మొదటిరోజే చెప్పింది. ఊరికి తిండి పెట్టింది ఎవరో చెప్పింది. నేను దొంగ ఎవరని అడుగుతూ కూర్చున్నాను."

"అది సరే" అన్నాడు దిసారి తాత, "అసలు గవర్నమెంటుకి నా గెడ్డమెందుకు కావలసొచ్చింది?"

కూర్మారావు అప్పన్న వైపు చూశాడు. అప్పన్న టోపీ తీసి చేత్తో పట్టుకుని ఊరందరి ముందూ నిలబడ్డాడు.

"కావలసి రానేదు తాతా. డైరెక్టరుగారు అడిగింది గెడ్డ. నాకు ఇనిపించింది గెడ్డం. మద్దెలో సున్నా నాను పెట్టీసినాను. ఆ ఒక్క సున్నా మూలంగా సారుకి నా మీద నమ్మకం పోయింది. నమ్మకం పోబట్టే నా శుక్రవారాలు పోయాయి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరువాత వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అది ముందు వరసకు పాకింది. జగ్గు చేతికర్ర కింద పడిపోయేలా నవ్వాడు. సోంబారి కొంగు నోట్లో కుక్కుకుంది. శఠగోపాచారికి కూడా పెదవి వంకర పోయింది.

"ఓరి నీ అసాజ్జం గూల!" అన్నాడు దిసారి తాత. "మూడేళ్ళు కత్తెర తగలనియ్యకుండా సర్కారు కోసం పెంచినాను గదరా దీన్ని!" నవ్వులు ఆగేదాకా గడ్డం నిమురుకుంటూ ఉండి, "సరే, నీ ఫోను తియ్యి" అన్నాడు. "విశాఖలో గాసికి కలుపు. ఇనబడింది ఏటో నీకు తెలుసు గదా, ఈపాలి సరిగ్గా సెప్పు."

అప్పన్న బడిగోడ మీదికెక్కి సిగ్నలు కోసం చెయ్యెత్తి అటూ ఇటూ తిరిగాడు. అవతల ఐసు యంత్రాల రొద. ఇవతల ఊరంతా గప్‌చిప్.

"గాసీ! నానురా, అప్పన్నని. గెడ్డ కాడ తప్పు తేలిపోయింది... గెడ్డం కాదురా, గెడ్డ! సున్నా నేదు! నీ మెట్ట తప్పేటీ నేదంట... ఇనబడిందా? నీ తప్పు సున్నా! ఆ, అక్కడ సున్నా ఉంది!"